సరుకు పోయింది, డబ్బు రాలేదు

ప్రశ్న: నాలుగు మిషన్లతో నైటీలు కుట్టి దుకాణాలకు వేస్తాం. ఏడాదిగా ఆర్డర్లు సగమయ్యాయి, పాత బాకీలు రావడం లేదు. మిషన్లు అమ్మేయాలా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: తొందరపడకండమ్మా. గిరాకీ పడిపోతే దుకాణదారు ముందుగా ఆపేది చిన్నవాళ్ల డబ్బే. ఎవరు ఎంతివ్వాలో తేదీలతో రాసుకోండి. చిన్న పరిశ్రమలకిచ్చే 'ఉద్యమ్' నమోదు లేకపోతే ఈ వారమే చేయించుకోండి, రుసుమేమీ లేదు. అది ఉంటే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం నమోదు తర్వాత వేసిన సరుకుకు 45 రోజుల్లోపు చెల్లించాల్సిందే. దాటితే వడ్డీ కూడా ఇవ్వాలి. బిల్లు లేకుండా ఒక్క నైటీ కూడా ఇవ్వకండి. బట్ట ఆర్డరుకు సరిపడానే కొనండి. ఇంటి ఖర్చుకు గల్లాపెట్టెలో చేయిపెట్టకండి. వారంవడ్డీ అప్పు మాత్రం వద్దేవద్దు.

బ్యాంకు అప్పుండి, వాయిదా తప్పేలా ఉంటే ముందే మేనేజరును కలవండి. బకాయి 90 రోజులు దాటితే అప్పు మొండిబాకీ అవుతుంది. ఇక 45 రోజుల గడువు దాటినా దుకాణదారు ఇవ్వకపోతే బిల్లులతో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి.