ఎండోస్కోపీకి మత్తు: ఏ మందు, ఎవరికి, ఎందుకు?

ఎండోస్కోపీ చేయించుకోమని డాక్టరుగారు చెప్పగానే చాలామందికి పరీక్షకంటే మత్తు గురించే ఎక్కువ భయం. "మత్తిస్తే మళ్ళీ లేస్తామా సిస్టర్?" అని మమ్మల్ని అడుగుతారు. పక్క మంచం వారికి ఒక మందు, మాకు ఇంకొక మందు ఎందుకిచ్చారని అడిగేవారూ ఉన్నారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలుసుకుందాం.

పరీక్షను బట్టి మత్తు

నోటి ద్వారా సన్నని కెమెరా గొట్టం పంపి కడుపును చూడడం సాధారణంగా కొద్ది నిమిషాల పని. గొంతులో లిగ్నోకెయిన్ స్ప్రే కొట్టించుకుని మెలకువతోనే చేయించుకునేవారు చాలామంది. పెద్దపేగును చూసే కొలనోస్కోపీలో గాలికి పేగు ఉబ్బి, గొట్టం మలుపు తిరిగేచోట నొప్పి వస్తుంది. పిత్తనాళంలోని రాళ్ళు తీసే ఈ.ఆర్.సి.పి. ఇంకా ఎక్కువసేపు పడుతుంది, రోగి కదలకూడదు. కనుక మత్తు కూడా ఎక్కువ కావాలి.

రెండు మందులు కలిపి ఎందుకు?

మిడజోలాం ఇంజెక్షన్ భయం తగ్గించి నిద్రమత్తు కలిగిస్తుంది. పరీక్ష జరిగిన సంగతి కూడా చాలామందికి గుర్తుండదు. అయితే అది నొప్పిని తగ్గించదు. నొప్పికి ఫెంటానిల్ ఇస్తారు. రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని మరొకటి పెంచుతుంది గనుక ఒక్కొక్కటి తక్కువ మోతాదులో సరిపోతుంది.

జాగ్రత్త పడవలసింది కూడా ఇక్కడే. రెండు మందులూ ఊపిరిని మందగింపజేస్తాయి. కనుక సాధారణంగా ముందు ఫెంటానిల్ ఇచ్చి, అది పనిచేసేవరకు ఆగి, తరువాత మిడజోలాం కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. వృద్ధులకు సగం మోతాదు, ఒక్కొక్కసారి అంతకంటే తక్కువే చాలు. ఊపిరి మరీ తగ్గితే మిడజోలాంకు ఫ్లుమాజెనిల్, ఫెంటానిల్‌కు నలాక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్లు ఉన్నాయి.

పాలవలె తెల్లగా ఉండే ప్రొపోఫాల్ వేరు. ఒక నిమిషంలోపే నిద్ర పట్టిస్తుంది, ఆపితే త్వరగా మెలకువ వస్తుంది. అందుకే చాలామంది "ఆ తెల్ల మందే ఇవ్వండి" అంటారు. కాని దీనికి విరుగుడు లేదు. కొంచెం ఎక్కువైతే ఊపిరి ఆగవచ్చు, బి.పి. పడిపోవచ్చు. అందుకే మత్తు డాక్టరుగారు పక్కనే ఉండి ఇవ్వాలి.

గాయకుడు మైఖేల్ జాక్సన్ 2009 జూన్ 25న చనిపోయింది ఈ మందు వల్లనే. నిద్ర కోసం ఇంట్లోనే ఇచ్చారు. లొరాజెపాం, మిడజోలాం కూడా ఆయన శరీరంలో ఉన్నట్లు శవపరీక్షలో తేలింది. అదే ప్రొపోఫాల్‌ను ఆస్పత్రులలో ప్రతిరోజూ వాడుతున్నారు. ఆక్సిజన్, వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్, బి.పి. మిషను, రోగి ఊపిరిని మాత్రమే కనిపెట్టుకుని ఉండే మనిషి: ఇవన్నీ ఉన్నచోటనే అది క్షేమం.

మా దగ్గర దాచకండి

మందులు నిర్ణయించేది డాక్టరుగారే గాని, ఆ నిర్ణయానికి కావలసిన సంగతులు మీ నోటినుండే రావాలి. ఇవి తప్పక చెప్పండి:

మద్యం: రోజూ కల్లు, సారా, బ్రాందీ తాగేవారికి మామూలు మోతాదు చాలకపోవచ్చు. కాలేయం చెడిపోయినవారికైతే కొద్ది మందే చాలాసేపు ఉండిపోతుంది. తెలిసినవారు పక్కనున్నారని, కోడలు వింటుందని "నాకు అలవాటు లేదు" అనేవారున్నారు. అలాంటప్పుడు మాతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. మేము అడిగేది మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, మోతాదు లెక్క కోసం.

గురక: గట్టిగా గురకపెట్టేవారికి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారికి మత్తులో గొంతు మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. ఈ సంగతి రోగికి తెలియదు, ఇంట్లోవారే చెప్పాలి.

వాడే మందులు: నిద్రమాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, మూర్ఛ మందులు వాడుతుంటే చెప్పండి. షుగర్ మందులు, రక్తం పలుచబరిచే మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరుగారిని అడగండి.

ఇంకా ఆస్తమా, గుండెజబ్బు, గర్భం, ఇంతకుముందు మత్తుతో కలిగిన ఇబ్బంది కూడా చెప్పండి.

పరీక్షకు ముందు, తరువాత

సాధారణంగా 6 గంటల ముందునుండి ఏమీ తినకూడదు. పాలు, పాలు కలిపిన కాఫీ, టీ కూడా తిండి కిందే లెక్క. మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. మీ డాక్టరుగారు వేరేగా చెబితే అదే పాటించండి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తులలోకి పోతుంది. "ఒక్క ఇడ్లీయే కదా" అని తినివస్తే ఆ మాట చెప్పండి. పరీక్ష వాయిదా పడుతుంది, అంతే.

స్ప్రే కొట్టాక గొంతు తిమ్మిరి పోయేవరకు నీళ్ళు కూడా తాగవద్దు, పొలమారుతుంది. మత్తు ఇంజెక్షన్ తీసుకున్నవారు తెలివిగా మాట్లాడుతున్నట్లే కనిపించినా 24 గంటలు బండి నడపకూడదు, మద్యం ముట్టకూడదు, పొలం, ఇల్లు కాగితాలపై సంతకాలు పెట్టకూడదు. ఇంటికి తీసుకువెళ్ళడానికి పెద్దవారొకరు తోడు రావాలి, ఆ రాత్రి ఎవరైనా దగ్గర ఉండాలి.

పరీక్షకు వచ్చేరోజు గోళ్ళరంగు తీసివేసి రండి. వాడుతున్న మందుల చీటీలన్నీ ఒక కవరులో పెట్టి తీసుకురండి. మీ గురక సంగతి తెలిసినవారినే తోడు తెచ్చుకుంటే మరీ మంచిది.