కొర్రమీను తొట్టికి మూత

గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. కాటన్ దొర ఆ పని 1852లో పూర్తి చేయించాడు. ఇప్పుడు అక్కడ బ్యారేజీ ఉంది. పడమటి వైపు నీరు విజ్జేశ్వరం దగ్గర కాలువలోకి దిగుతుంది. అక్కడి నుంచి నిడదవోలు మీదుగా కింది ఊళ్ళకు పోతుంది. నిడదవోలు చుట్టూ ఎటు చూసినా వరి చేలు, బోదెలు, పంట కాలువలు. ఈ నీటిలో తరతరాలుగా ఉన్న చేప కొర్రమీను. కొందరు కొరమేను అంటారు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీరు ఇంకిపోతుంది. మిగతా చేపలు చచ్చిపోతాయి. కొర్రమీను మాత్రం బురదలో దూరి బతుకుతుంది. తొలకరి వాన పడగానే, కాలువకు నీళ్ళు వదలగానే అది మళ్ళీ కదులుతుంది. తడి నేల మీద పాక్కుంటూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోతుంది. చేప నేల మీద నడిచిందంటే పట్నం వాళ్ళు నమ్మరు. మన చేలల్లో పని చేసే వాళ్ళకు ఇది వింత కాదు.

కొర్రమీను వేటాడే చేప. కప్పలను, పురుగులను, చిన్న చేపలను తింటుంది. ఆకలి వేస్తే తన జాతి పిల్లలనే మింగుతుంది. మట్టగిడస కూడా దీని చుట్టమే, కాకపోతే అది చిన్నది. కొర్రమీనులో ముళ్ళు తక్కువ. రుచి బాగుంటుంది. బజారులో దీన్ని బతికున్న చేపగానే అమ్ముతారు. అందుకే శీలావతి, బొచ్చె కంటే దీనికి ధర ఎక్కువ. మృగశిర కార్తె రోజున అయితే చెప్పనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం 2016లో దీన్ని తమ రాష్ట్ర చేపగా ఎంచుకుంది.

ధర ఉంది కాబట్టి ఇప్పుడు చాలామంది పెరట్లో సిమెంటు తొట్టి కట్టి కొర్రమీనును పెంచుతున్నారు. కొందరు సంఘంలో అప్పు తీసుకుని పెంచుతున్నారు. పిల్లలు వేస్తారు. ఎనిమిది పది నెలలు మేత పెడతారు. తీరా చేప ఎదిగి అమ్మే వేళకు తొట్టిలో లెక్క తగ్గిపోతుంది. చేపలు ఏమయ్యాయి? దొంగ ఎత్తుకుపోయాడా? చాలాసార్లు దొంగ రాడు. చేపే గంతేసి పోతుంది. ముప్పావు కిలో చేపలు 10 పోతే ఏడున్నర కిలోలు పోయినట్టు. ఇవాళ బజారు ధరతో గుణించి చూడండి. తొట్టి మీద వేసే వల ఖర్చు అంత ఉండదు.

ఇద్దరు ఇలా మాట్లాడుకుంటున్నారు అనుకోండి.

"బాబాయ్, రాత్రి తొట్టిలోంచి మళ్ళీ రెండు పోయాయండి. పిల్లి ఎత్తుకుపోయిందేమో."

"పిల్లి నీళ్ళలోకి దిగదమ్మాయ్. చేపే బయటికి వచ్చింది. తరవాత పిల్లికి దొరికింది. తొట్టి మీద ఏం వేశావు?"

"తాటాకు తడిక వేశానండి."

"దాని మీద బరువు పెట్టావా?"

"లేదండి."

"అదే మరి. మూతితో పొడిచి లేపేస్తుంది. రాత్రి వాన కూడా పడింది కదా. తొట్టి అంచు దాకా నిండి ఉంటుంది."

ఈ మాటల్లో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి మూత బరువు. రెండోది నీటి మట్టం. కొత్తవాళ్ళు మూత సంగతే చూస్తారు, నీటి మట్టం సంగతి మరిచిపోతారు.

చేప ఎందుకు గంతేస్తుంది?

ఊరికే గంతేయదు. పై నుంచి కొత్త నీరు పడిందంటే కొర్రమీనుకు వాన వచ్చినట్టే. ఆ నీటికి ఎదురు పోవాలని చూస్తుంది. కొళాయి గొట్టం కింద గుమిగూడి ఎగురుతుంది. అందుకే వాన రాత్రి ఎక్కువ చేపలు పోతాయి.

నీరు చెడినా గంతేస్తుంది. మిగిలిన మేత అడుగున కుళ్ళుతుంది. నీరు కంపు కొడుతుంది. ఆ నీటిలో ఉండలేక చేప బయటికి పోవాలని చూస్తుంది. పెద్ద చేప తరిమినా చిన్నది గంతేస్తుంది. చీకట్లో ఒక్కసారిగా లైటు వేసినా, తొట్టి గోడ మీద కొట్టినా బెదిరి ఎగురుతుంది. ఇక పురుగు నీటి పైన ఎగురుతుంటే దాని కోసం గెంతడం ఉండనే ఉంది.

కాబట్టి మూత ఒక్కటే చాలదు. చేపలను సైజు చూసి వేరు చెయ్యాలి. కనీసం నెలకు ఒకసారి పెద్దవి ఒక తొట్టిలో, చిన్నవి ఒక తొట్టిలో వెయ్యాలి. ఇలా చేస్తే ఒకదాన్ని ఒకటి మింగడం కూడా తగ్గుతుంది. మేత తిన్నంతే వెయ్యాలి. నీరు ఒక్కసారిగా అంతా మార్చకూడదు. పావు వంతు తీసి, పావు వంతు పొయ్యాలి. మునిసిపాలిటీ కొళాయి నీరు అయితే అందులో బ్లీచింగ్ కలుపుతారు. డ్రమ్ముల్లో ఒక రోజు నిలవ ఉంచి పొయ్యండి. తొట్టిలో ఒక మూల కాస్త గుర్రపుడెక్క వేస్తే చేపకు నీడ, చాటు దొరుకుతాయి. బెదురు తగ్గుతుంది. సగానికి మించి పెరగనివ్వకండి. పెరిగినది తీసి కాలువలో పారెయ్యకండి. కాలువల్లో ఆ మొక్క బాధ ఇప్పటికే చాలా ఉంది.

మూత ఎలా వెయ్యాలి?

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. కొర్రమీను నీటిలోని గాలితోనే బతకలేదు. దాని తలలో మొప్పల పైన చిన్న గది లాంటిది ఉంటుంది. చేప పైకి వచ్చి నోటితో గాలి పీల్చి ఆ గదిలో నింపుకుంటుంది. పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. చేప నీళ్ళలో ఊపిరాడక చావడమా అని నవ్వకండి. వల జారి నీటిలో మునిగితే కింద ఉన్న చేపలన్నీ అలా పోవచ్చు. గంతేసి పోయేవి రెండు. మునిగిన వల కింద పోయేవి మొత్తం.

అందుకని నీటికీ వలకూ మధ్య ఖాళీ ఉండాలి. తొట్టి గోడ నాలుగున్నర అడుగులు ఉందనుకోండి. నీరు 3 అడుగులు పెట్టండి. పైన అడుగున్నర ఖాళీ. వాన నీటితో ఆ ఖాళీ నిండిపోకుండా 3 అడుగుల ఎత్తులో గోడకు ఒక గొట్టం పెట్టండి. ఎక్కువైన నీరు అందులోంచి పోతుంది. గొట్టం మూతికి సన్నని జల్లెడ కట్టండి. లేకపోతే పిల్లలు ఆ దారినే పోతాయి. నీరు పోసే గొట్టాన్ని కూడా పైనుంచి వదలకుండా నీటి లోపలికి దించండి. చప్పుడు ఉండదు, చేప అటు ఎగరదు.

వల నైలాన్‌ది అయితే మంచిది. కన్ను చేప తల కంటే చిన్నదిగా ఉండాలి. కన్ను పెద్దదైతే తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది. వల వేలాడకుండా కింద తొట్టికి అడ్డంగా సరుగుడు బాదులు వెయ్యండి. వల అంచును చుట్టూ తాడుతో బిగించి కట్టండి. ఇటుకలు పెట్టి ఊరుకుంటే ఒక ఇటుక లోపల పడుతుంది, సందు దొరుకుతుంది. మేత వెయ్యడానికి ఒక పక్క చిన్న తలుపులా విప్పుకునే వీలు ఉంచుకోండి. మేత వేశాక దాన్ని కట్టడం మరిచిపోతారు. చేపలు పోయే దారుల్లో అది పెద్దది. ఈ వల వల్ల ఇంకో మేలు కూడా ఉంది. చిన్న పిల్లలు తొట్టిలో పడరు. కొంగలు, పిల్లులు రావు.

వల ఎంత కొనాలి? తొట్టి పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు అనుకుందాం. నాలుగు వైపులా ఒక్కో అడుగు కిందికి మడవాలి. అప్పుడు పొడవు 12, వెడల్పు 8. 12ను 8తో గుణిస్తే 96. అంటే 96 చదరపు అడుగుల వల కావాలి. కొట్లో చదరపు అడుగు ధర అడిగి గుణించుకోండి. కొట్టువాడు చెప్పిన మొత్తం సరిగా ఉందో లేదో మీకే తెలుస్తుంది.

మట్టి చెరువుకు పైన వల వెయ్యడం కష్టం. అక్కడ గట్టు చుట్టూ నడుము ఎత్తు వల కంచె కడతారు. కంచె కింది అంచును మట్టిలో పూడ్చాలి. కొర్రమీను ఎగరడమే కాదు, పాకుతుంది కూడా. పైన ఎంత ఎత్తు కట్టినా కింద సందు ఉంటే లాభం లేదు.

అద్దాల తొట్టి ఉన్నవాళ్ళకు

పట్నాల్లో సరదాకు అద్దాల తొట్టిలో పెద్ద చేపలు పెంచుతారు. అరోవానా అనే చేపకు మోజు ఎక్కువ. వెండి రంగు అరోవానాది దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది. అక్కడ అది నీటి పైకి గెంతి చెట్టు కొమ్మల మీది పురుగులను పట్టుకుంటుంది. అలాంటి చేపకు తేలిక మూత ఆగదు. మూతకు కొక్కెం ఉండాలి. గాలి ఆడేందుకు చిన్న కన్నాలు ఉండాలి. తొట్టి పక్కన స్విచ్చి బోర్డు ఉంటే దూరం జరపండి. చేప ఎగిరితే నీళ్ళు బోర్డు మీద పడతాయి. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు గాలి మోటారు, లైటు ప్లగ్గులు పీకెయ్యండి. ఇది చేప కోసం కాదు, మీ ప్రాణం కోసం.

పోషించలేక ఆ చేపను తీసుకెళ్ళి కాలువలో వదిలేవాళ్ళు ఉన్నారు. దీని ఫలితం అమెరికాలో చూశారు. మేరీల్యాండ్ రాష్ట్రంలో క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో 2002లో ఒక వింత చేప దొరికింది. అది చైనా వైపు చేప, మన కొర్రమీనుకు దగ్గర చుట్టం. ఎవరో బజారులో బతికున్న చేపలు రెండు కొని, తరవాత చెరువులో వదిలేశారు. అవి పిల్లలు పెట్టాయి. అధికారులు చెరువులో మందు కలిపి అన్ని చేపలనూ చంపాల్సి వచ్చింది. అయినా 2004లో అదే జాతి చేప పొటోమాక్ నదిలో కనబడింది. మన దేశంలో ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని ప్రభుత్వం నిషేధించడానికి కారణం కూడా ఇలాంటిదే. అది బయటపడితే మన చేపలను తినేస్తుంది.

చేప బయట పడి ఉంటే

పొద్దున్నే తొట్టి పక్కన కొర్రమీను పడి ఉంటే చచ్చిందని వెంటనే పారెయ్యకండి. ఒళ్ళు తడిగా ఉంటే అది గంటల తరబడి బతుకుతుంది. ముందు మీ చేతులు తడుపుకోండి. పొడి చేతితో పడితే దాని జిగురు ఊడిపోతుంది. తడి గోనె సంచి కప్పి పట్టుకోండి, జారదు. నేరుగా పాత తొట్టిలో వెయ్యకండి. గాయం ఉంటే మిగతావి కొరుకుతాయి. వేరే టబ్బులో కొద్ది నీరు పోసి వెయ్యండి. టబ్బు మీద కూడా వల కట్టండి. ఒకటి రెండు రోజులు చూసి, మేత తింటుంటే తొట్టిలో వెయ్యండి. పుండ్లు పడితే మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి.

చదివి చెప్పండి, రాయండి

వాన రాత్రి కొర్రమీనులు ఎక్కువగా ఎందుకు పోతాయి?

వల నీటిలో మునిగితే ఏమవుతుంది? ఎందుకు?

తొట్టి పొడవు 8 అడుగులు, వెడల్పు 5 అడుగులు. నాలుగు వైపులా ఒక్కో అడుగు మడవాలి. ఎన్ని చదరపు అడుగుల వల కావాలి?

మీ వీధిలో ఎవరి పెరట్లో అయినా చేపల తొట్టి ఉందా? గోడ ఎత్తు, నీటి ఎత్తు కొలిచి ఇక్కడ రాయండి.