ఫీచరా, ప్రొడక్టా?

ప్రశ్న: బిల్లు ఫోటో తీస్తే లెక్కల్లోకి ఎక్కించే యాప్ చేశాం. పెట్టుబడిదారు ‘ఇది ఫీచర్, ప్రొడక్ట్ కాదు’ అంటున్నారు. తేడా ఏమిటండీ?

జవాబు: జనం దానికోసమే వచ్చి డబ్బిచ్చేది ప్రొడక్ట్. మరోదాన్ని అంటిపెట్టుకుంటేనే పనికొచ్చేది ఫీచర్. కానీ గీత అంత స్పష్టంగా ఉండదు. 2009లో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్, ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచి పంచుకునే డ్రాప్‌బాక్స్‌నూ ఫీచరేనని తేల్చేశారు. 2011లో ఆపిల్ అలాంటి పనే చేసే ఐక్లౌడ్ తెచ్చింది. అయినా డ్రాప్‌బాక్స్ 2018లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌కెక్కింది. విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నింట్లోనూ నడవడం, ఒకరు పంచుకున్న ఫోల్డర్ ఇంకొకరిని లాక్కురావడం దాన్ని నిలబెట్టాయని నా అభిప్రాయం.

మీ యాప్ సంగతికొస్తే, రేపు లెక్కల సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇదే బటన్ ఉచితంగా పెడితే మీ ఖాతాదారులు ఎందుకుంటారు? జవాబు తట్టకపోతే ఆ కంపెనీలకే అమ్మేయండి. అందులో చిన్నతనమేమీ లేదు.