మిషను చెప్పిన తేదీ, చేను చెప్పిన పదును

ఎమ్మిగనూరు ప్రాంతమున జరిగిన ఒక రైతు సమావేశములో కృత్రిమ మేధను గూర్చి నేను చెప్పుచుండగా, ఒక పెద్దరైతు లేచి ఇట్లడిగినాడు: "సార్, యాడనో అమెరికాలో ఉండే మిషనుకు మా చేని పదును ఎట్లా తెలుస్తాది?"

ఇది చాల మంచి ప్రశ్న. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల ఎర్రనేలలలో వర్షాధారముగా వేరుశనగ వేయు ప్రతి రైతునకు దీని సమాధానము తెలిసియుండవలెను. తొలకరి జల్లును నమ్మి విత్తిన పిదప బెట్ట పట్టినచో మొలక మాడిపోవును. బుడ్డల విత్తనము ఖరీదైనది. రెండవసారి కొనుటకు పలువురు అప్పు చేయక తప్పదు.

దేవనకొండ అనుభవము

2016 ఖరీఫ్‌లో, ఎమ్మిగనూరుకు దక్షిణమున నున్న దేవనకొండ మండలములో 175 మంది వేరుశనగ రైతులతో ఒక ప్రయత్నము జరిగినది. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, అమెరికా కంపెనీయైన మైక్రోసాఫ్ట్, మన రాష్ట్ర ప్రభుత్వము కలిసి దీనిని నడిపినవి. రైతులు పొలములో ఏ పరికరమును పెట్టనక్కరలేకపోయెను. సలహాలు సెల్‌ఫోనునకు తెలుగులో వచ్చినవి. జూన్ మొదటి వారముననే విత్తు అలవాటుగల వారిని ఆరుద్ర కార్తె వరకు, అనగా జూన్ నాల్గవ వారము వరకు, ఆగుమని ఆ సలహా.

ఆ రైతులకు హెక్టారునకు సగటున 30 శాతము అధిక దిగుబడి వచ్చినట్లు ఆ సంస్థలు ప్రకటించినవి. అయితే విత్తు తేదీతో బాటు విత్తనశుద్ధి, భూసార పరీక్షను బట్టి ఎరువులు వేయుట మొదలగు సలహాలు కూడ అందులో నుండెను. పైగా ఇది ఒక్క ఏటి ఫలితము. ఏటేట ఇట్లే యుండునని తలపరాదు.

మిషను లెక్కించు విధము

దేవనకొండ ప్రాంతపు 1986 నుండి 2015 వరకు, 30 ఏండ్ల వాతావరణ వివరములను మిషనునకు ఇచ్చిరి. పైరు కోరు నీటిలో వానయు, నేలలోని తేమయు కలిసి ఎంత వంతు ఈయగలవో లెక్కకట్టిరి. దీనిని తేమ సమృద్ధి సూచిక అందురు. పాత లెక్కలకు రాబోవు దినముల వాన అంచనాను జతపరచి, విత్తుటకు అనువైన వారమును నిర్ణయించిరి. కనుక మిషను చేనిని చూడలేదు. చేని చుట్టుప్రక్కల వ్రాసియుంచిన లెక్కలను చూచినది.

రెండు దేశముల సహకారము

కృత్రిమ మేధలో భారత, అమెరికా దేశములు కలిసి పరిశోధించుటకు 2021 మార్చిలో ఒక కార్యక్రమము ప్రారంభమైనది. వ్యవసాయము అందులో ఒక ముఖ్యాంశము. 2025 ఖరీఫ్‌లో మన కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రములలో సుమారు 3.8 కోట్ల రైతులకు ఋతుపవనముల రాకను నాలుగు వారముల ముందుగా తెలిపినది. ఆ యేడు ఋతుపవనములు ముందుగా వచ్చి, సుమారు 20 దినములు నిలిచిపోయినవి. ఆ ఆగుదలను కూడ ఈ అంచనా పసిగట్టినది. దీనికి అమెరికాలోని గూగుల్ సంస్థ తయారుచేసిన నమూనా, ఐరోపా వాతావరణ కేంద్రపు నమూనా, మన వాతావరణ శాఖ వారి 125 ఏండ్ల వర్షపాత లెక్కలు ఆధారము. మన లెక్కలు లేనిచో వారి గణితము ఇచ్చట పనికిరాదు.

రైతులు చేయవలసినది

1. సందేశము వచ్చినను, విత్తుటకు ముందు చేనిలో నాలుగైదు చోట్ల జానెడు లోతు త్రవ్వి చూడవలెను. మట్టి పిడికిట ముద్దకట్టి, వ్రేలితో నొక్కగా విడివడినచో పదును కలదు.

2. పదును లేనిచో, మిషను చెప్పినదని గొర్రు కట్టరాదు. పది మైళ్ళ వాన మీ చేనిలో కురియకపోవచ్చును.

3. విత్తనశుద్ధి చేసి, మొలకశాతము చూచి సిద్ధముగా నుండవలెను. ఎదురుచూచిన పదును రెండు మూడు దినములలో ఆరిపోవును.

గ్రామాధికారులకు మనవి

వర్షపాతమును ఏనాటి కానాడు కొలిచి వ్రాయుడు. ఈ-పంటలో విత్తిన తేదీని రైతు నడిగి నమోదు చేయుడు, అంచనాగా వేయవలదు. నేడు తప్పు వ్రాసిన అంకె రేపు తప్పుడు సలహాయై మన రైతు ఫోనునకే తిరిగివచ్చును.

ఆ పెద్దరైతు ప్రశ్నకు ఇదే నా సమాధానము: మన చేని పదును మిషనునకు తెలియదు. మనము సరిగా వ్రాసి చెప్పినంత మేరకే దానికి తెలియును. మిగిలినది మన పిడికిటి మట్టియే చెప్పవలెను.