మనిషిని చంపగల నత్త

నత్త అంటే మనకు వానాకాలం పొలం గట్ల మీద మెల్లగా పాకే ప్రాణి. దానికి ఎవరు భయపడతారు? కానీ హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో పగడపు దిబ్బల దగ్గర ఒక విషపు నత్త ఉంది. పేరు కోనస్ జియోగ్రాఫస్. లెక్కల్లో చదివే శంకువు ఆకారం, 10 నుండి 15 సెంటీమీటర్ల పొడవు. గుల్ల మీద మచ్చలు దేశపటంలాగా ఉంటాయి.

ఎలా వేటాడుతుంది?
చేపతో సమానంగా ఇది ఉరకలేదు. అందుకే రాత్రిపూట మెల్లగా దగ్గరికి చేరి నోటిని సంచీలాగా తెరుస్తుంది. దీని విషంలో ఇన్సులిన్ ఉందని 2015లో శాస్త్రజ్ఞులు తెలిపారు. దానివల్ల చేప రక్తంలో చక్కెర పడిపోయి మగత కమ్ముతుంది. చేప నోట్లోకి వచ్చాక సూదిలాంటి బోలు పంటితో పొడుస్తుంది.

మనిషిని పొడిస్తే?
కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోవచ్చు. పాముకాటుకు ఉన్నట్టు దీనికి విరుగుడు మందు లేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. విషం దిగేదాకా కృత్రిమ శ్వాస ఇస్తే బతకవచ్చు.

విషమే మందు!
కోనస్ మేగస్ అనే మరో శంకు నత్త విషాన్ని పరిశీలించి జికోనొటైడ్ అనే మందు తయారుచేశారు. తట్టుకోలేని నొప్పులకు వాడే ఈ మందుకు 2004లో అమెరికాలో అనుమతి లభించింది.

కనుక మిత్రులారా, ఎప్పుడైనా సముద్రానికి పోతే శంకు ఆకారపు గుల్లను ముట్టుకోకండి, జేబులో వేసుకోకండి. లోపల నత్త బతికే ఉండొచ్చు!