చక్రాల కుర్చీ ఇచ్చిన మరునాడు

సేవా సంస్థల వార్షిక లెక్కల్లో తరచుగా ఒక పద్దు కనిపిస్తుంది: వికలాంగులకు చక్రాల కుర్చీల పంపిణీ. దాతలు ఆ పద్దు చూసి సంతోషిస్తారు. సంతోషించవలసిందే. నాలుగు గోడల మధ్య పడి ఉన్న బిడ్డ కుర్చీ వచ్చిన రోజున మొదటిసారి వీధి చూస్తాడు. అయితే ఏళ్ల తరబడి బడిలో పాఠాలు చెబుతూ, హాజరు పట్టీ చేతబట్టుకుని బాన్సువాడ గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగిన ఉపాధ్యాయులుగా మేము ఆ పద్దులో కనబడని సంగతి ఒకటి దాతల ముందు పెట్టదలచుకున్నాం. కుర్చీ ఇచ్చిన మరునాడు ఆ బిడ్డను అందులో ఎవరు కూర్చోబెడతారు? ఎవరు దించుతారు? ఎన్నేళ్ల పాటు?

ముందుగా మాట స్పష్టం చేసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు సుమారు 2 కోట్ల 68 లక్షలు. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క రకాలను గుర్తించింది. వీరిలో చాలామంది చదువుతారు, పని చేస్తారు, సంసారాలు నడుపుతారు. ఈ వ్యాసం వారి గురించి కాదు. తనంతట తాను కూర్చోలేని, ముద్ద నోట్లో పెట్టుకోలేని, ఒంటికీ రెంటికీ కూడా మరొకరి మీద ఆధారపడిన బిడ్డ గురించి, ఆ బిడ్డ చుట్టూ తిరిగే కుటుంబం గురించి.

ఇలాంటి పిల్లల్లో ఎక్కువగా కనబడేది సెరిబ్రల్ పాల్సీ. తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటారు. కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ దీనికి మూలం. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవక ప్రాణవాయువు అందకపోవడం, పసికందుకు వచ్చిన కామెర్లు ముదిరిపోవడం వంటివి కారణాలు. మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు, కానీ పూర్తిగా పోదు కూడా. ఇది అంటువ్యాధి కాదు. దిష్టి కాదు, గాలి సోకడం కాదు. తాయెత్తుల వాళ్ల దగ్గర పోగొట్టుకున్న ఏడాది మళ్లీ రాదు, ఎందుకంటే మొదటి రెండు మూడేళ్లలో మొదలుపెట్టిన వ్యాయామం ఇచ్చే ఫలితం తర్వాత దొరకదు. తల్లి ఏదో తిన్నదని, గ్రహణం చూసిందని నిందించే అత్తింటి వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దగ్గరి సంబంధాలు చేసుకోవడం వల్ల కొన్ని వంశపారంపర్య జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. కానీ ఆ సంబంధం కుదిర్చింది పెద్దలు, నింద మోసేది కోడలు!

ఇక అలాంటి ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో చూడండి. మన ప్రాంతంలో బీడీలు చుట్టి బతికే ఇళ్లు ఎన్నో. తల్లి ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు. పక్కనే చాప మీద బిడ్డ. బిడ్డ ఒకే వైపు పడుకుంటే ఒళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి కాబట్టి రెండు గంటలకొకసారి తిప్పాలి. రాత్రి కూడా. బిగుసుకుపోయే చేతులూ కాళ్లూ రోజూ మెల్లగా సాగదీయకపోతే కీళ్లు వంకరగానే నిలిచిపోతాయి. పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు ఊపిరి గొట్టంలోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, తల పట్టుకుని, మెత్తగా పిసికిన అన్నం చెంచాతో కొంచెం కొంచెం పెట్టాలి. ఒక పూట తిండికి గంట దాటడం మామూలు. చాలామందికి ఫిట్స్ కూడా ఉంటాయి. ఆ మందు ఉన్నట్టుండి ఆపకూడదు, ఆపితే ఫిట్స్ ఎక్కువవుతాయి. పొగాకు ధూళి బిడ్డ ఊపిరికి మంచిది కాదని ఆ తల్లికి తెలియక కాదు. చాట ఇంకెక్కడ పెట్టుకుంటుంది? లేచి వెళితే బిడ్డను ఎవరు చూస్తారు?

మూడేళ్ల బిడ్డను ఎత్తడం ఒక ఎత్తు. పన్నెండేళ్లకు బరువు ముప్పై కిలోలు దాటుతుంది, తల్లి నడుము మాత్రం అదే. ఆడపిల్ల అయితే యుక్తవయసుతో వచ్చే శుభ్రత, గోప్యత, భద్రత అన్నీ తల్లి ఒక్కతే చూసుకోవాలి. తండ్రి గల్ఫ్‌లో ఉంటే డబ్బు వస్తుంది, చేతులు రావు. అక్కడ అతను ఓవర్‌టైమ్ చేసి పంపే రియాళ్లు ఇక్కడ మందులకు, హైదరాబాదు ప్రయాణాలకు, పాత అప్పు వడ్డీకి కరిగిపోతుంటాయి. బయటివాళ్లకు మాత్రం దుబాయి ఇల్లుగానే కనబడుతుంది. సహాయం జాబితాలో పేరు ఎక్కదు.

మా కళ్లబడినంతవరకు ఈ సేవ ఖరీదు ముందుగా తెలిసేది ఆసుపత్రి బిల్లులో కాదు, బడి హాజరు పట్టీలో. బిడ్డ హాజరు కాదు, ఆ బిడ్డ అక్కది. ఏడో తరగతిలో వారానికొక రోజు రాదు. ఎనిమిదిలో వారానికి రెండు రోజులు. అడిగితే తలనొప్పి అంటుంది. తొమ్మిదిలో పేరు మాత్రమే మిగులుతుంది. ఇంటికి వెళ్లి చూస్తే తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. "టీచర్, అమ్మీ కార్ఖానాకు బీడీలు అప్పగించడానికి పోయింది" అంటుంది. ఆ పిల్లను కోప్పడటానికి ఏ ఉపాధ్యాయుడికి నోరు వస్తుంది? తల్లిని తప్పు పడదామంటే ఆమెకు మరో దారి లేదు. ఒక బిడ్డ వైకల్యం ఇంకో బిడ్డ చదువును తినేస్తున్నదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి ఒక కుటుంబం పేరు దేశమంతా మారుమోగింది. హైదరాబాదుకు చెందిన కొలవెన్ను వెంకటేశ్ చదరంగం ఆటగాడు. డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే కండరాల క్షీణత వ్యాధి అతనిది. ఈ జబ్బు దాదాపు మగపిల్లలకే వస్తుంది. నడిచే పిల్లవాడు పడిపోతుంటాడు, పదీ పన్నెండేళ్లకు కుర్చీకి, ఆ తర్వాత మంచానికి చేరతాడు, చివరికి ఊపిరి కండరాలు కూడా అలసిపోతాయి. చివరి రోజుల్లో అతని అవయవాలు బతికుండగానే దానం చేసేందుకు అనుమతి కోరుతూ తల్లి సుజాత హైకోర్టుకు వెళ్లింది. చట్టం ఒప్పుకోదని కోర్టు తిరస్కరించింది. 2004 డిసెంబరు 17న ఇరవై అయిదేళ్ల వయసులో వెంకటేశ్ కన్నుమూశాడు. 2022లో ఆ కథ 'సలామ్ వెంకీ' అనే హిందీ సినిమాగా కూడా వచ్చింది. ఆ కోరికలోని ధర్మాధర్మాల జోలికి మేము పోవడం లేదు. మన ఉలమాల అభిప్రాయం దాతలకు తెలిసిందే. మేము అడిగేది వేరు. పత్రికలు ఆ తల్లి గురించి రాసింది చివరి కొద్ది రోజులు. దానికి ముందు ఏళ్లూ పూళ్లూ ఆమె కొడుకును తిప్పిన రాత్రుల గురించి ఎవరు రాశారు? కోర్టు మెట్లు ఎక్కిన తల్లి వార్త అవుతుంది, మంచం పక్కన కూర్చున్న తల్లి కాదు.

దాతల నుంచి తరచుగా వినబడే ప్రశ్న ఒకటుంది: "సహాయం చేస్తే పిల్లవాడు బాగవుతాడా? ఏమైనా అవుతాడా?" అడిగేవాళ్లకు బొల్లా శ్రీకాంత్ గుర్తుంటాడు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన ఆ బిడ్డను వదిలించుకోమని చుట్టాలు చెప్పినా, పేద రైతులైన తల్లిదండ్రులు వదలలేదు. అతను అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి, తిరిగి వచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి, వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు. ఆ తల్లిదండ్రులకు మా వందనం. అయితే ఆ కథను కొలబద్దగా పట్టుకుని సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ ఇంటికి వెళ్లడం న్యాయం కాదు. ఈ బిడ్డ కంపెనీ పెట్టడు. కొన్నాళ్ల శ్రమ తర్వాత తల నిలబెట్టడం, ఆకలి వేస్తే సైగ చేయడం, అక్కను చూసి నవ్వడం నేర్చుకుంటాడేమో. ఆ నవ్వు కోసం ఇల్లంతా ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది. పరీక్ష మార్కులతో పిల్లల్ని కొలిచే వృత్తి మాది. అయినా చెబుతున్నాం, ఇది కూడా ఉత్తీర్ణతే.

మన ధర్మంలో ఈ విషయానికి ఆధారాలు వెతుక్కోనక్కరలేదు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో మూర్ఛరోగం ఉన్న ఒక స్త్రీ హదీసు ఉంది. తన కోసం దుఆ చేయమని ఆమె దైవప్రవక్త (స)ను కోరింది. సహనం వహిస్తే స్వర్గం ఉంది, కావాలంటే స్వస్థత కోసం దుఆ చేస్తానని ఆయన చెప్పారు. ఆమె సహనాన్నే ఎంచుకుంది, కానీ ఒక్కటి అడిగింది: మూర్ఛ వచ్చి పడిపోయినప్పుడు తన ఒంటి మీద బట్ట తొలగకుండా ఉండేలా దుఆ చేయమని. ఆయన చేశారు. రోగం కన్నా గౌరవం గురించే ఆమె బెంగ పడిందని గమనించండి. పంపిణీ సభలో పదమూడేళ్ల అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన పది మంది నిలబడి ఫొటో దిగేటప్పుడు ఆ హదీసు గుర్తుకు రావాలి.

చరిత్రలో ఇంకొక సంగతి. క్రీ.శ. 705 నుంచి 715 వరకు పాలించిన ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్, నడవలేని వారికి ఒక సేవకుణ్ణి, చూపులేని వారికి దారి చూపే మనిషిని ఏర్పాటు చేశాడని చరిత్రకారులు రాశారు. పదమూడు వందల ఏళ్ల కిందటే ఖజానా నుంచి వస్తువు మాత్రమే కాక మనిషిని కూడా ఇచ్చారు. మేము చెప్పదలచుకున్నదీ ఇదే. కుర్చీ ఒకసారి ఇచ్చేది. ఈ ఇళ్లకు కావలసింది నెలనెలా అందే రెండు చేతులు.

ప్రభుత్వం నుంచి రావలసినవి ముందు రాబట్టుకోవాలి. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు లేకపోతే ఏదీ కదలదు. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2023 జూలైలో నెలకు 4,016 రూపాయలు అయింది. మండల కేంద్రాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపీ దొరుకుతుంది. విద్యాహక్కు చట్టానికి 2012లో జరిగిన సవరణ ప్రకారం, తీవ్ర వైకల్యం ఉన్న బిడ్డ ఇంటి దగ్గరే చదువు పొందే హక్కును ఎంచుకోవచ్చు. నేషనల్ ట్రస్టు వారి 'నిరామయ' బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యానికి, థెరపీకి ఇస్తుంది; సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. సికింద్రాబాదు బోయిన్‌పల్లిలో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థలో బుద్ధిమాంద్యం గల పిల్లలకు పరీక్షలు, తల్లిదండ్రులకు శిక్షణ జరుగుతాయి. ఇవన్నీ ఉన్నాయి. కానీ దరఖాస్తు నింపడానికి, బిడ్డను ఎత్తుకుని శిబిరం వరుసలో నిలబడటానికి, బాన్సువాడ నుంచి బస్సులో సికింద్రాబాదు చేరడానికి ఆ తల్లికి తోడు ఎవరున్నారు? చదువుకున్న మన యువకులు ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంటికి ఈ కాగితాల పని చేసిపెడితే, దానికి పైసా ఖర్చు లేదు.

డబ్బు ఇచ్చే దాతలకు మా సూచన ఒకటే, కాస్త పెద్దది. మన మధ్య పని కోసం చూస్తున్న వితంతువులు, ఒంటరి స్త్రీలు ఉన్నారు. వారిలో ఓపిక ఉన్నవారికి బిడ్డను ఎత్తడం, తిప్పడం, తినిపించడం భవిత కేంద్రం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్పించి, రోజుకు రెండు మూడు గంటలు ఒక ఇంటికి పంపి, నెల జీతం సంస్థ ఇస్తే రెండు ఇళ్లు నిలబడతాయి. ఆ వేళల్లో అక్క బడికి వస్తుంది. అలాంటి రెండు గంటలు దొరికితే ఏం చేస్తావని ఒక తల్లిని అడిగాం. బీడీలు ఇంకో నాలుగు కట్టలు చుడతానంటుందని అనుకున్నాం. "నిద్రపోతాను" అన్నది.

జకాత్ విషయంలో సందేహం రావచ్చు. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో పేర్కొన్నది. వైకల్యం అందులో ఒక వర్గం కాదు, పేదరికం ఉంది, అప్పుల్లో కూరుకుపోవడం ఉంది. దుబాయి ఇల్లు అని మనం దాటవేసే కుటుంబం వైద్యం అప్పుల వల్ల ఆ వర్గంలోకి వస్తుందేమో ఆలిములను అడిగి తేల్చుకోవాలి. జకాత్ వర్తించని చోట సదఖా ఉండనే ఉంది.

చివరగా, ఈ తల్లిదండ్రులు రాత్రిళ్లు తమలో తాము అనుకుని, పగలు ఎవరితోనూ అనని మాట ఒకటుంది: మా తర్వాత వీడిని ఎవరు చూస్తారు? కొందరైతే తమకంటే ఒక్క రోజు ముందు బిడ్డను తీసుకుపొమ్మని అల్లాహ్‌ను వేడుకుంటారు. కన్నవాళ్ల నోట ఆ దుఆ వచ్చిందంటే చుట్టుపక్కల ఎంత ఖాళీ ఉందో ఆలోచించండి. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద, పద్దెనిమిదేళ్లు నిండిన ఇలాంటి వ్యక్తికి చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించవచ్చు. జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, బంధువులే కాక గుర్తింపు పొంది ట్రస్టులో నమోదైన సంస్థ కూడా చేయవచ్చు. మన సొసైటీ అలా నమోదు కావడానికి ఏమేం కావాలో వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాం. అప్పటిలోగా బాన్సువాడలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో, బిడ్డ వయసు, తల్లి వయసు, బడి మానేసిన తోబుట్టువు పేరు రాసి ఒక జాబితా తయారుచేసే పని ఉపాధ్యాయులుగా మేము తీసుకుంటాం.