జీవో 111: జంట జలాశయాల చుట్టూ కట్టడాలకు కళ్లెం

హైదరాబాద్‌లో 1908 మూసీ వరదల తర్వాత కట్టిన జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది మూసీపై, రెండోది ఈసీపై. పోటీ పరీక్షల ప్రశ్నల్లో వీటినే తారుమారు చేస్తుంటారు.

వీటి పూర్తి నీటిమట్టం నుంచి 10 కి.మీ. పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకుండా 1996 మార్చి 8న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. విస్తీర్ణం సుమారు 1.32 లక్షల ఎకరాలు. కొత్త లేఅవుట్‌లో 60 శాతం ఖాళీ స్థలానికి, రోడ్లకు వదలాలని షరతు పెట్టింది. ఈ పరిధి గీతకు అవతల భూముల ధరలు ఆకాశాన్నంటుతుంటే ఇవతలి రైతుకు కడుపుమంట. ఫామ్‌హౌస్‌లు మాత్రం ఆగలేదు.

ఈ ఆంక్షలపై అసలు చదవాల్సింది ఎం.వి. నాయుడు కేసు. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఆధారిత పరిశ్రమ పెట్టబోతే వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. ముందుజాగ్రత్త సూత్రాన్ని, హాని ఉండదని నిరూపించాల్సిన భారం పరిశ్రమదేనన్న వాదాన్ని 1999 తీర్పు వివరంగా చర్చించింది. 2000లో తుది తీర్పు 10 కి.మీ. నిషేధం నుంచి ఆ పరిశ్రమకిచ్చిన మినహాయింపును కొట్టేసింది. పాలిటీ, పర్యావరణం రెండు పేపర్లకూ పనికొస్తుంది.

నగర తాగునీటికి ఈ జలాశయాలు ఇక ప్రధాన ఆధారం కావంటూ తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించింది.